పన్నెండేళ్ల బిడ్డ ఎక్కడున్నాడు?



ఈ నెల ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మీ సంఘపు బాప్తిస్మపు రిజిస్టరు తీయించండి. ఇప్పటికి పదకొండు మొదలు పదునాలుగేళ్ల వయసు వచ్చి ఉండవలసిన బిడ్డల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. పోయిన ఆదివారం ఆరాధనలో వారిలో ఎవరెవరు ఉన్నారో ఒక్కొక్క పేరు దగ్గర గుర్తు పెట్టండి. సంఘ పెద్దలు నలుగురు కూర్చుంటే అరగంట పని. ఆ కాగితం చూసిన తరువాత ఈ వ్యాసం చదివితే ఇంకా మంచిది.

మన పల్లె గుళ్లలో ఆదివారం ఎలా ఉంటుందో మనకు తెలుసు. చిన్నపిల్లలు ముందు చాప మీద కూర్చుంటారు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. యౌవనస్థులు డోలక్, కీబోర్డు దగ్గర. మరి ఆరో తరగతి నుండి తొమ్మిదో తరగతి పిల్లలు? మగపిల్లలు బయట వేపచెట్టు కింద ఒక ఫోను చుట్టూ నలుగురు మూగి ఉంటారు. ఆడపిల్లలు వెనుక గోడకు ఆనుకొని, చంకలో తమ్ముణ్ణో చెల్లెల్నో ఎత్తుకొని ఉంటారు. సండే స్కూలుకు రమ్మంటే "మేమేమన్నా చిన్నపిల్లలమా?" అంటారు. యౌవనస్థుల కూటానికి వెళితే "మీకింకా వయసు రాలేదు, పోండి" అంటారు. గుడిలో వారికి చాప లేదు, బెంచీ లేదు.

లూకా సువార్త రెండవ అధ్యాయం చివర చూడండి. మన ప్రభువు జననానికి సంబంధించిన సంగతులకు, ఆయన ముప్పది ఏండ్ల వయసులో పరిచర్య ఆరంభించిన దానికి మధ్య సువార్తలలో ఒకే ఒక్క సంఘటన ఉంది. అది ఆయన పన్నెండేళ్ల వయసులో జరిగింది. ఇన్ని ఏండ్లలో పరిశుద్ధాత్మ మన కోసం రాయించినది ఈ వయసు గురించే అన్నది ఆలోచించదగిన మాట.

పస్కా పండుగ ముగిసింది. మరియ, యోసేపు ఇంటిదారి పట్టారు. బిడ్డ యెరూషలేములోనే ఉండిపోయాడు. తల్లిదండ్రులు ఒక దినపు ప్రయాణం నడిచేదాకా ఆ సంగతి గమనించలేదు. ఎందుకంటే బిడ్డ గుంపులో ఎక్కడో ఉన్నాడనుకున్నారు. వారు బిడ్డమీద ప్రేమ లేనివారు కారు, భక్తి లేనివారు కారు. ఉన్నాడులే అనుకున్నారు, అంతే. తరువాత బంధువులలో వెదికారు, నెళవైనవారిలో వెదికారు, వెనక్కి తిరిగి నడిచారు. మూడు దినముల తరువాత దేవాలయంలో కనుగొన్నారు.

మన సంఘాలలో జరుగుతున్నది కూడా ఇదే. పండుగలు చేస్తున్నాం, కన్వెన్షన్లు పెడుతున్నాం, గుళ్లకు స్లాబులు వేయిస్తున్నాం. మన ప్రయాణం సాగుతూనే ఉంది. పన్నెండేళ్ల బిడ్డ గుంపులో ఉన్నాడులే అనుకుంటున్నాం. ఎంత దూరం వచ్చాక వెనక్కి తిరిగి చూస్తాం?

ఈ వయసులో ఏమి జరుగుతుంది

మగపిల్లవాడి గొంతు మారుతుంది. ఆడపిల్ల శరీరం మారుతుంది. నిన్నటిదాకా ఒళ్లో కూర్చున్న బిడ్డ ఈరోజు మాటకు మాట చెబుతాడు, లేదా అసలు మాటే చెప్పడు. "దేవుడున్నాడా?" అని అడగడం ఈ వయసులోనే మొదలవుతుంది. ఇది తిరుగుబాటు కాదు, ఎదుగుదల. ఆళ్లగడ్డలో శిల్పులు పని చేస్తుంటే చూసినవారికి ఒక సంగతి తెలుస్తుంది. మొదట పెద్ద దెబ్బలతో రాయికి రూపు తెస్తారు. కన్ను, ముక్కు, పెదవి వచ్చేసరికి ఉలి చిన్నదవుతుంది, దెబ్బ మెత్తనవుతుంది. అక్కడ తొందరపడితే అంతకు ముందు చేసిన పనంతా పోతుంది. మన పిల్లలు ఇప్పుడు ఆ చిన్న ఉలి దగ్గర ఉన్నారు.

మన ప్రాంతంలో ఈ వయసుకు ఇంకొక సంగతి కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. జిల్లా కొత్తదే గాని మన ఇండ్లలోని సమస్య పాతది. బిడ్డ చదువుతాడా, చేలోకి పోతాడా? ఆడపిల్ల హైస్కూలు దాటుతుందా, పెండ్లిపీటల మీద కూర్చుంటుందా? ఈ తీర్మానాలు మన కూలి కుటుంబాలలో ఈ నాలుగేళ్లలోనే జరిగిపోతాయి. చాలాసార్లు బిడ్డను అడగకుండానే జరిగిపోతాయి.

సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పని మనవారికి చెప్పనక్కరలేదు. సాయంత్రం మొగ్గను విప్పి మగ భాగం తీసివేయాలి, మరునాడు ఉదయం వేరే పువ్వు పుప్పొడి దానికి అంటించాలి. నెలల తరబడి రోజూ చేయవలసిన పని. అదీ బడులు నడిచే కాలంలోనే. చిన్న వేళ్లకు బాగా కుదురుతుందని, కూలి తక్కువని, చెప్పినట్టు వింటారని పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను పెట్టేవారు. తల్లిదండ్రులకు ముందుగా అడ్వాన్సు ఇచ్చేవారు. 2000 సంవత్సరానికి అటూ ఇటూ మన రాష్ట్రపు సీడు పత్తి చేలల్లో ఇలాంటి పిల్లల పని దేశమంతటా చర్చకు వచ్చింది. తరువాత చట్టాలు గట్టిపడ్డాయి. ఆరు నుండి పదునాలుగేళ్ల బిడ్డలకు చదువు హక్కు అనే చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 2016 సవరణతో పదునాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ కూలికి పెట్టుకోరాదన్నారు. చట్టం కాగితం మీద ఉంటుంది, అప్పు ఇంట్లో ఉంటుంది. ఆ రెండింటి మధ్య నలిగేది మన బాప్తిస్మపు రిజిస్టరులోని బిడ్డ.

ఆళ్లగడ్డ వైపు ఒక గ్రామంలో ఒక తల్లితో జరిగిన మాటలు చెబుతాను. కూతురు ఎనిమిదో తరగతి. మూడు వారాలుగా బడికీ లేదు, గుడికీ లేదు.

"ఏం జేస్తాం అయ్యగారూ, అడ్వాన్సు తీసుకొంటిమి. ఆయనకు ఆపరేషను అయ్యె. ఈ యేడు ఒక్కటి గడిస్తే మళ్లా బడికి తోల్తాం."

"అమ్మా, వచ్చే యేడు ఆ పాప తొమ్మిదిలోకి పోతుందా, మళ్లీ ఎనిమిదిలోనే కూర్చుంటుందా?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. "సిగ్గుపడి పోదులే అయ్యగారూ" అంది.

ఆమెకు తెలుసు. తల్లికి అన్నీ తెలుసు. ఆమెకు కావలసింది ప్రసంగం కాదు, దారి. మన స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యపు కానుక ఉంది గదా. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు దేవునికని పక్కన పెట్టే ఆ బియ్యం అమ్మిన డబ్బులో కొంత, పెద్దలు వేసుకున్నది కొంత కలిపి అడ్వాన్సులో కొంత భాగం తీర్చారు. పాప వెంటనే పూర్తిగా బయట పడలేదు. ఆ యేడు సగం రోజులు బడిలో, సగం రోజులు చేలో గడిచింది. మరుసటి యేడు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు దొరికింది. చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లల కోసం 2004లో మొదలైన పథకం అది. వసతి, భోజనం, చదువు ఒకచోటే. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ పాప ఇప్పుడు గుడిలో వాక్యం చదువుతుంది. ఆ కుటుంబానికి ఆ రోజు కావలసిన సువార్త ఆ పిడికెడు బియ్యంలో ఉంది.

ఇది మనకు కొత్త పని కాదు

సండే స్కూలు ఎందుకు పుట్టిందో చాలామందికి తెలియదు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు పని చేసే పిల్లల కోసం దాన్ని నడిపాడు. వారమంతా పనిలో ఉండి, ఆదివారం ఒక్కరోజే తీరిక దొరికి, వీధుల్లో తిరిగే పిల్లలు వారు. ఆయన వారికి మొదట చదవడం నేర్పించాడు. చదవడం వస్తే బైబిలు చదువుతారు. అంటే సండే స్కూలు పుట్టింది బడికి పోలేని కూలి బిడ్డల కోసం. పాటలు, రంగుల బొమ్మలు తరువాత వచ్చినవి. క్రాసింగ్‌కు పోయే బిడ్డను విడిచిపెట్టిన సండే స్కూలు తన పుట్టుకనే మరచిపోయిందన్నమాట.

మన ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతాలలో ఎస్.పి.జి. మిషను పందొమ్మిదవ శతాబ్దంలో పని ప్రారంభించినప్పుడు కూడా గుడి, బడి జోడుగానే నడిచాయి. పగలు పలక పట్టించిన పంతులుగారే సాయంత్రం ప్రార్థన నడిపేవారు. మన తాతలు చాలామంది అలాంటి పంతులుగారి దగ్గరే అక్షరాలు దిద్దారు. మన ఇండ్లలో ఈరోజు టీచర్లు, నర్సులు, గుమాస్తాలు ఉన్నారంటే ఆ పంతుళ్ల పుణ్యమే.

తరువాత మన ప్రాంతం దోర్నకల్ అధ్యక్ష ఖండంలో ఉన్న రోజులలో వేదనాయకం సామ్యేల్ అజరయ్యగారు మన బిషప్పు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికను సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయన. బాప్తిస్మం పొందిన విశ్వాసుల చేత ఎవరి తల మీద వారి చెయ్యే పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాడను, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే భావం గల మాటలు చెప్పించేవారు. అక్షరం రాని కూలివాడు కూడా సాక్షే అని ఆయన నమ్మకం. ఏడో తరగతి చదివే బిడ్డ కాడా?

ఎలా మొదలుపెట్టాలి

చాలామంది కాపరులు, ఉపదేశులు ఇక్కడే ఆగిపోతారు. "డబ్బు లేదు, మనుషులు లేరు" అంటారు. పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. ఒక చాప, ఒక బంతి, ఒక బైబిలు, ఇద్దరు నమ్మకమైన మనుషులు చాలు.

మొదటిది, సమయం. ఆదివారం ఉదయం పెట్టకండి. శనివారం బడి అయిన తరువాత గాని, ఆదివారం సాయంత్రం గాని పెట్టండి. హాస్టళ్లలో చదివే పిల్లలు దసరాకు, క్రిస్మసుకు, సంక్రాంతికి, ఎండాకాలపు సెలవులకు ఇంటికి వస్తారు. ఆ రోజుల్లో వారికి ప్రత్యేకంగా కూటం ఉండాలి. పోస్టు కార్డుల కాలంలో వారికి ఉత్తరాలు రాసేవాళ్లం. ఇప్పుడు హాస్టలుకు పోయి పది నిమిషాలు పలకరించి రండి. ఆ పది నిమిషాలు బిడ్డ ఏడాదంతా గుర్తు పెట్టుకుంటాడు.

రెండవది, క్రమం. ఒక్క గంట చాలు. పాటలకు పది నిమిషాలు, ఆటకు పదిహేను, వాక్యానికి పదిహేను, ప్రశ్నలకు పదిహేను, ప్రార్థనకు అయిదు. ఫోన్లన్నీ మొదటే ఒక బుట్టలో పెట్టించండి, మీ ఫోనుతో సహా. వాక్యం పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. త్రోయలో అపొస్తలుడైన పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే ఐతుకు అనే పడుచువాడు కిటికీలో కునికి మూడవ అంతస్తు నుండి పడ్డాడు (అపొ. కార్యములు 20:9). పౌలుగారి ప్రసంగానికే అలా జరిగితే మన ప్రసంగం మాటేమిటి? అయితే పౌలు చేసినది చూడండి. పిల్లవాణ్ణి తప్పు పట్టలేదు. ప్రసంగం ఆపి, కిందికి దిగి, వాణ్ణి కౌగిలించుకున్నాడు.

మూడవది, ప్రశ్నలు. దేవాలయంలో బోధకులు పన్నెండేళ్ల యేసును ఏమి చేయనిచ్చారు? వారి మధ్య కూర్చోనిచ్చారు, విననిచ్చారు, అడగనిచ్చారు. ఇదే ఈ పరిచర్యకు మాదిరి. ఒక ఖాళీ డబ్బాకు చీలిక కోసి, పేరు రాయకుండా ప్రశ్న రాసి వేయమనండి. ఏమి వస్తాయో చూడండి. "మా నాన్న తాగుడు మానాలని ఇన్నాళ్లు ప్రార్థన చేశాను, దేవుడు వినలేదా?" "అహోబిలం తిరునాళ్లలో స్నేహితుడు ప్రసాదం పెడితే తినవచ్చా?" "మమ్మల్ని ఊరికి అవతల ఎందుకు ఉంచారు?" వీటికి తొందరపడి జవాబు చెప్పకండి. ప్రసాదం ప్రశ్నకు కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలు పిల్లలతోనే చదివించండి. మన విశ్వాసంలో స్థిరంగా ఉండడం, తోటివాడి విశ్వాసాన్ని ఎగతాళి చేయకపోవడం రెండూ ఒకేసారి నేర్పవలసినవి. తాగుడు ప్రశ్నకు మాత్రం డబ్బా దగ్గర జవాబు లేదు. ఎవరు రాశారో వెదకకుండా, ఆ వారం తాగుడు ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి రండి.

నాలుగవది, పని. నయమాను ఇంటిలోని చిన్నదాని మాట వల్ల ఒక సేనాధిపతి స్వస్థత పొందాడు (2 రాజులు 5). అయిదు రొట్టెలు తెచ్చినవాడు చిన్నవాడే (యోహాను 6:9). మన పిల్లలకు గంట కొట్టడం, చాపలు పరచడం, వాక్యం చదవడం, కానుక లెక్కలో పెద్దవారి పక్కన కూర్చోవడం అప్పగించండి. కళ్లు కనపడని అవ్వకు వారానికొకసారి బైబిలు చదివి వినిపించే పని ఒక బిడ్డకు ఇవ్వండి. వి.బి.యస్.లో చిన్నపిల్లలకు వీరినే సహాయకులుగా పెట్టండి. పని ఉన్న బిడ్డ వేపచెట్టు కింద కూర్చోడు.

అయిదవది, కన్ఫర్మేషన్ తరగతి. బిషప్పుగారు వచ్చే తేదీ తెలియగానే రెండు వారాలలో అన్నీ బట్టీ పట్టించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దానిని బడి సంవత్సరంతో పాటు నడపండి. జూన్ నుండి ఆగస్టు వరకు విశ్వాస ప్రమాణం, సెప్టెంబరు నుండి నవంబరు వరకు పది ఆజ్ఞలు, క్రిస్మసు తరువాత ప్రభువు ప్రార్థన, శ్రమ దినములలో పరిశుద్ధ బల్ల. ఏడాదిపాటు కలిసి కూర్చున్న బిడ్డ బిషప్పుగారి చేతుల కింద మోకరించినప్పుడు తాను ఏమి చెబుతున్నాడో తెలిసి చెబుతాడు.

ఒక గట్టి మాట

బిడ్డలను మన దగ్గరకు పిలుస్తున్నాం గనుక వారి క్షేమానికి దేవుని ఎదుట మనం లెక్క చెప్పాలి. ఎప్పుడూ ఒక పురుషుడు, ఒక స్త్రీ ఇద్దరూ ఉండాలి. ఎంత మంచివాడైనా సరే, ఒక పెద్దమనిషి ఒక్క బిడ్డతో తలుపు వేసిన గదిలో ఉండకూడదు. కాపరికి కూడా ఇదే నియమం. శరీరపు మార్పుల గురించి ఆడపిల్లలకు అమ్మగారు గాని, సంఘంలోని నర్సు గాని చెప్పాలి. మగపిల్లలకు వివాహితుడైన ఉపాధ్యాయుడు చెప్పాలి. మనం చెప్పకపోతే ఫోను చెబుతుంది, తప్పుగా చెబుతుంది.

ఏ బిడ్డ అయినా తనకు జరిగిన చెడు చెప్పుకుంటే నమ్మండి. సంఘం పరువు పోతుందని పెద్దల పంచాయితీలో మాఫీ చేయకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. 1098 నంబరు గుడి గోడ మీద రాయించండి. పెండ్లి సంగతిలో కూడా అంతే. 2006 చట్టం ప్రకారం ఆడపిల్లకు పద్దెనిమిది, మగవాడికి ఇరవై ఒకటి నిండాలి. ఆ వయసు నిండని బిడ్డకు మన గుడిలో పెండ్లి ప్రకటన చదవకూడదు. వేరే ఊరిలో చేసుకుంటామంటే చూసీ చూడనట్టు ఉండకూడదు. చిన్నవారిని అభ్యంతరపరచేవాని గురించి మన ప్రభువు తిరుగటిరాయి మాట చెప్పాడు (మత్తయి 18:6). అంతకంటే కఠినమైన మాట ఆయన ఇంకెవరి గురించీ చెప్పలేదేమో అనిపిస్తుంది.

తల్లిదండ్రులకు

తిమోతి విశ్వాసం మొదట అవ్వయైన లోయిలో, తల్లియైన యునీకేలో ఉన్నదని పౌలు రాశాడు (2 తిమోతికి 1:5). గుడిలో వారానికి ఒక్క గంటే ఉంది. మిగిలిన గంటలన్నీ మీ ఇంటిలోనివి. కుటుంబ ప్రార్థనలో ఈ వయసు బిడ్డ చేత వాక్యం చదివించండి, తప్పు చదివితే నవ్వకండి. అందరి ముందు తిట్టకండి. మార్కుల విషయంలో పక్కింటి బిడ్డతో పోల్చకండి. వాడు అడిగే ప్రశ్నకు మీకు జవాబు తెలియకపోతే "అయ్యగారిని అడుగుదాం పద" అని వెంట తీసుకొని రండి. కలిసి నడిచిన ఆ దారే సగం జవాబు.

మరియ కుమారుణ్ణి కనుగొన్న తరువాత ఏమి జరిగిందో లూకా రాశాడు. ఆయన వారితో కూడ బయలుదేరి నజరేతుకు వచ్చి వారికి లోబడి ఉన్నాడు. ఆమె ఆ సంగతులన్నీ తన హృదయంలో భద్రం చేసుకుంది. వెనక్కి తిరిగి వెదికిన తల్లిదండ్రుల దగ్గరకు బిడ్డ తిరిగి వచ్చాడు. మన ముందు కూడా వెనక్కి నడవవలసిన ఒక దినపు దూరం ఉంది. ఈ నెలలోనే బయలుదేరుదాం.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో: మీ సంఘంలోని ఆరు నుండి తొమ్మిది తరగతుల పిల్లలను పేరు పేరునా జ్ఞాపకం చేసుకోండి. హాస్టళ్లలో ఉన్నవారి కోసం, చేలోకి పోతున్నవారి కోసం, చదువు ఆగిపోయిన ఆడపిల్లల కోసం ప్రార్థించండి. ప్రార్థన ముగిశాక ఒక బిడ్డ ఇంటికి వెళ్లి పలకరించి రండి.

చిన్నవారిని ఎత్తి కౌగిలించుకొని ఆశీర్వదించిన ప్రభువు మన బిడ్డలను కాచి కాపాడును గాక. ఆమేన్.